శోభారాణి మిషన్‌కు నేను పెట్టిన బొట్టు

తూంకుంట ఇంకా గ్రామపంచాయతీగా ఉన్న రోజుల్లో నేను రెండుసార్లు వార్డు మెంబరును. చదివింది ఊరి బడిలో ఏడో తరగతే అయినా, మా వాడకు నల్లా తెచ్చింది నేను, సీసీ రోడ్డు వేయించింది నేను. మా తమ్ముడి కూతురు శోభారాణిని శామీర్‌పేట దగ్గరి మందుల కంపెనీలో పెట్టించిందీ నేనే.

మొదట గోదాము ఊడ్చేది. ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివిన పిల్ల కనుక ఆరేళ్లకు రామన్ మిషన్ చేతికిచ్చారు. దాని ముందరి చిన్న అద్దంలోంచి కంటికి కనపడని కాంతి, ఎరుపుకు అవతలిది, పొడి మీద పడుతుంది. తిరిగొచ్చిన వెలుగును బట్టి అది ఏ పదార్థమో మిషన్ గీత గీసి చెబుతుంది. తెల్లపొడులన్నీ మన కంటికి ఒకటే, దానికి కాదు. సంచి విప్పే పని కూడా లేదు, కవరు పైనుంచే చూస్తుంది. దసరా దాటాక పర్మినెంట్ చేస్తామన్నారు. భర్త పోయిన మనిషికి ఆ ఉద్యోగమే ఆధారం.

ఆయుధపూజకు పెద్దమనిషినని నన్ను పిలిచారు. కొబ్బరికాయ కొట్టి, కాంటాకు, ట్రాలీకి బొట్లు పెట్టి, మిషన్ దగ్గరకు వచ్చాను.

"పెద్దబాపూ, అద్దానికి వద్దు, పక్కకు పెట్టు," అంది శోభారాణి.

"మొఖానికి గాక వీపుకు పెడ్తరా బిడ్డా బొట్టు?"

అందరూ నవ్వారు. పసుపు రాసి కుంకుమ అద్దాను.

నా ముందే తుడవడానికి మొహమాటపడింది. అంతలో లోడు వచ్చింది. గుడ్డతో పైపైన తుడిచి, డ్రమ్ముల మూతలు తీసి లోపలి కవర్ల మీంచి చూసింది. పన్నెండూ ఫెయిల్. తుడిచాక, ఏ పదార్థమో ముందే తెలిసిన ముక్క ఒకటి పెట్టి మిషన్‌ను సరిచూసుకోవాలని రూలు, ఆ తొందరలో మరిచింది. లారీ వెనక్కి పోయింది. పంపినవాళ్లు మళ్లీ చూసుకుంటే సరుకు మంచిదే. ఆ కాంతికి రంగులు మెరవడం తక్కువేనట, కానీ అద్దం మీదే మిగిలిన పసుపు మెరిసి పొడి గీతను కప్పేసింది.

మేనేజర్ దగ్గరికి పోయాను. నల్లా సంగతి, రోడ్డు సంగతి చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను.

"పెద్దాయనా, మీ మాట నమ్ముతున్న. కానీ అద్దం సూసుకునుడు ఎవరి డ్యూటీ? ఆమె సంతకమే ఉన్నది. మిషన్ల రికార్డయింది, నేను గూడ చెరపలేను."

"ఆమె పేరు తీసి నా పేరు రాసుకో సార్."

"మీ పేరు రాసే జాగ లేదు గండ్ల."

పర్మినెంట్ లిస్టులో శోభారాణి పేరు రాలేదు. మళ్లీ ఊడ్చే పనికి వేశారు. గేటు దగ్గర కలిసి, పై ఆఫీసర్‌ను అడుగుతానన్నాను.

"ఎవ్వల్ని అడగకు పెద్దబాపూ. నువ్వడిగితే గీ చీపురు గూడ పోతది."

కార్డు చూపించి లోపలికి పోయింది. నన్ను పక్కకు జరగమని వాచ్‌మన్ అన్నాడు, జరిగాను.