టీచరు గారి మూడో బటన్

2022 శ్రమకాలం, అంటే ఈస్టరుకు ముందు నలభై రోజులు. అప్పటికి కొత్తపేటలో మందుల షాపు కౌంటరు వెనక ముప్పై ఎనిమిదేళ్లు నిలబడి, మోకాళ్లు మొండికేస్తే మానేశాను. నా చదువు పదో తరగతి. మిగతాదంతా మందుల పెట్టెల్లో మడిచి పెట్టే కాగితాలు చదివి నేర్చుకున్నదే. షుగరు, బీపీ లాంటి ఏళ్ల తరబడి ఉండే జబ్బుల వాళ్ల కోసం హైదరాబాదు కంపెనీ ఒకటి ఫోను యాప్ తయారుచేస్తూ నన్ను పనిలో పెట్టుకుంది. పేషెంట్లకు యాప్ నేర్పాలి, వాళ్ల ఇబ్బందులు డిజైనరుకు చెప్పాలి. చెప్పడం నా వంతు. వినడం ఎవరి వంతో ఎక్కడా రాయలేదు.

పొద్దున్న ఏడున్నరకు రిమైండర్, అంటే మాత్ర వేసుకోమని గంట మోగుతుంది. తెర మీద రెండే బటన్లు. ‘వేసుకున్నాను’ నొక్కితే ఆ రోజు గడి పచ్చగా, ‘వేసుకోలేదు’ నొక్కితే ఎర్రగా మారుతుంది. ఆ గడులు డాక్టరు గారికి కనబడతాయి.

రాహేలమ్మ గారు రిటైరైన లెక్కల టీచరు, షుగరు మాత్రలు ఏళ్ల తరబడి నా కౌంటరులోనే కొన్నవారు. ఆవిడ ఇంటి వసారాలో కూర్చుని నేర్పాను.

“నిజమే నొక్కాలండీ టీచరు గారూ. అబద్ధం నొక్కితే డాక్టరు గారు తప్పు మందు రాసేస్తారు.”

“నాకే చెప్తన్నారా సత్యంగారూ? ముప్పై ఏళ్లు పిల్లలకి ఎర్ర సిరా పెట్టేనండీ. ఇప్పుడు నేను పెట్టించుకుంటానా?”

శ్రమకాలం రెండో శుక్రవారం చర్చిలో మధ్యాహ్నం ప్రార్థనలో ఆవిడ బెంచీ మీద పక్కకు ఒరిగిపోయారు. పాస్టరు గారు ఫోను చేస్తే గ్లూకోజు పొడి పట్టుకుని ఆటోలో వెళ్లాను. స్పృహలోనే ఉన్నారు. ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు. హైపో, అంటే రక్తంలో చక్కెర ఉన్నట్టుండి పడిపోవడం. గ్లూకోజు నీళ్లు తాగి కాస్త తేరుకున్నాక అడిగాను.

“పొద్దున్న ఏం తిన్నారండీ?”

“ఉపవాసం కదండీ. సాయంత్రం దాకా మంచినీళ్లే.”

“మరి మాత్ర?”

“వేసుకున్నానండీ. వేసుకోకుండా వేసుకున్నానని నొక్కితే అబద్ధం. ఉపవాసం పూట అబద్ధమా? వేసుకోలేదంటే ఎర్రగడి. మూడోది లేదు కదండీ మీ దాంట్లో.” గ్లూకోజు గ్లాసు పక్కన పెట్టి అన్నారు: “ఏటేటా మీరే చెప్పేవారు, డాక్టరు గారినడిగి మాత్ర సాయంత్రానికి మార్పించుకోమని. ఈ ఏడు మీరు చెప్పలేదు. గంట చెప్పింది.”

కౌంటరులో ఉన్నన్నాళ్లూ ఏం తిన్నారో అడగనిదే ఎవరి చేతిలోనూ మాత్ర పెట్టలేదు. చేతికి ఫోను రాగానే ఆ మాటే మరిచాను.

డాక్టరు గారు ఉపవాసం పూర్తిగా మాన్పించారు. వారం తర్వాత వెళితే ఆవిడ గ్లాసులున్న బీరువా వైపు చూస్తూ కూర్చున్నారు.

“పాపమొస్తుందని కాదండీ నా బెంగ. మావారు ఉండగా ఒకే కొబ్బరి బొండాం రెండు గ్లాసుల్లో పోసుకుని ఉపవాసం విడిచేవాళ్లం. ఆయన పోయేక కూడా రెండు గ్లాసులూ పెడతన్నాను. ఆ నలభై సాయంత్రాలూ ఆయన వచ్చినట్టే ఉంటాదండీ. పొద్దుటి నుంచీ తిని కూచున్నదాని దగ్గరికి ఎందుకొస్తారు?”

ఆ రోజే డిజైనరు అమ్మాయికి ఫోను చేశాను.

“‘ఉపవాసం’ అని మూడో బటన్ పెట్టండమ్మా. ముందురోజు నొక్కితే డాక్టరు గారికి కబురెళ్లాలి. ఆయన చెప్పిన వేళకే గంట మోగాలి.”

“మంచి ఫీచరే అంకుల్. నెక్స్ట్ వెర్షన్‌లో చూద్దాం.”

“మీ ఇళ్లల్లో ఎవరూ ఉపవాసాలుండరా?”

“మా అమ్మ శనివారాలుంటుంది.”

“ఆవిడ ఆ పూట మాత్ర ఎప్పుడేసుకుంటారో ఎప్పుడన్నా అడిగేరా?”



ఒక్క బటనుకు ఏడాది పట్టింది. మరుసటి ఏడు, ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారం దాటాక వచ్చింది. డాక్టరు గారు గుడ్ ఫ్రైడే ఒక్కరోజుకే ఒప్పుకున్నారు. మాత్ర సాయంత్రానికి మార్చి, పగలు మూడుసార్లు షుగరు చూసుకోమన్నారు. నలభైలో దక్కింది ఒక్క సాయంత్రం. బొండాం పట్టుకుని వెళ్లాను. ఆవిడ రెండు గ్లాసుల్లోనూ పోసి, ఒకటి నా ముందుకు జరిపారు. నాకు చెయ్యి రాలేదు.

“తాగండి. ఆయనేమీ అనుకోరు,” అన్నారు వీధి గుమ్మం వైపు చూస్తూ.

ఆ పై శ్రమకాలానికి ఆవిడ లేరు. బటన్ ఉంది. కార్తీక సోమవారాలకూ రంజానుకూ ఎవరెవరో నొక్కుతున్నారు. నేను మాత్రం ఎవరింటికి వెళ్లినా ఫోను జేబులోనే ఉంచి ముందు అడుగుతాను, ఏం తిన్నారండీ అని.