నూకరాజు తాత టార్చి

నూకరాజు తాత గొంతు చూడందే ఎవరి కంచంలోనూ మెతుకు వేయడు. హిందీవాళ్ల ఊరు రిసాలిలోని ఉక్కు ఫ్యాక్టరీ ట్రైనీల హాస్టల్లో పదహారేళ్లుగా వంట ఆయనదే. చేతిలో గరిటె, చంకలో టార్చి.

"ఏటి బాబూ, తలెత్తు. ఆ అను."

"ఆకలేస్తోంది తాతా."

"ఆకలి తీరాలన్నా గొంతులోంచే గదా ఎల్లాల. సూపించు."

గ్యాసు బండ తెచ్చినవాణ్నీ వదల్లేదు. "ముహ్ ఖోలో భయ్యా" అంటే, పాపం, బండ భుజాన ఉండగానే నోరు తెరిచాడు. ట్రైనీ రవిశంకర్‌కి ఇదంతా ఒట్టి చాదస్తంగా తోచేది. ఏడాదిగా రెండు పూటలా నోరు తెరిచి తెరిచి దవడలు అరిగిపోయాయని వాడి గోల.

అలాంటి చోట గొంతు జబ్బు పడింది. ఆదివారం పొద్దున వండిన కోడిగుడ్ల కూర, అందరూ పవర్ హౌస్ బజారుకి పోవడంతో, సాయంత్రం దాకా ఆ ఉక్కలోనే ఉండిపోయింది. రాత్రికి అందరూ అదే తిన్నారు. మంగళవారానికి నలభై మందిలో ఇరవై ముగ్గురు మంచమెక్కారు. ఒళ్లు కాలే జ్వరం, గుటక వేస్తే ప్రాణం పోయేంత నొప్పి. డాక్టరమ్మ ఛాయ గారు వచ్చి, ఇది కూరలోంచి పాకిందన్నారు.

"గుడ్లు ఎవరు ఒలిచారు?"

"నానేనమ్మా."

"మీ గొంతెలా ఉంది?"

"శనివారం నుంచి మండతంది."

"అందరి గొంతులూ చూస్తారు, మీది చూసుకోలేదా?"

"నా నోట్లోకి నానెలా సూసుకుంతానమ్మా?"

జ్వరంలో ఉన్నవాళ్లు కూడా నవ్వి, వెంటనే గొంతు పట్టుకున్నారు. వార్డెన్ లక్ష్మీప్రసాద్ గారు మాత్రం నవ్వలేదు. రేపట్నుంచి వంట బయటివాళ్లకి ఇచ్చేస్తానన్నారు. తాత గరిటె పొయ్యి గట్టు మీద పెట్టేశాడు.

ఆయన గొంతు చూద్దామని డాక్టరమ్మ ఆ టార్చే అడిగి నొక్కారు. వెలగలేదు. రవిశంకర్ మూత తిప్పి చూస్తే లోపల సెల్సే లేవు.

"ఎన్నాళ్లయింది తాతా?"

"మూడేళ్లు."

"మరి ఏం చూస్తున్నావు?"

"మొకం బాబూ. మీరు తల దించుకుని కంచం అట్టుకుపోతారు. ఎవుడు ఏడిసేడో, ఎవుడు పస్తున్నాడో నాకెలా తెల్తాది? నోరు తెరమంటే తలెత్తుతారు గదా."

పరీక్ష తప్పిన రోజు తన కంచంలో రెండు గుడ్లు పడటం రవిశంకర్‌కి గుర్తొచ్చింది. తాత లెక్క తప్పాడనుకుని ఆ రోజు గబగబా తినేశాడు. ఇప్పుడు సిగ్గేసింది.

తాతే వండాలని ఇరవై ముగ్గురూ పూడుకుపోయిన గొంతులతోనే వార్డెన్ గారి మీద పడ్డారు. ఆ గుసగుసల గోలకి ఆయన దిగొచ్చి, మూడు షరతులు పెట్టారు. తాత పూర్తిగా మందు వాడి కోలుకున్నాకే పొయ్యి దగ్గరికి రావాలి, రోజూ ఆయన గొంతు ఎవరో ఒకరు చూడాలి, పొద్దుటి కూర సాయంత్రానికి ఉండకూడదు. రవిశంకర్ కొత్త టార్చి కొనుక్కొచ్చాడు.

ఇప్పుడు రోజూ వంటింటి గుమ్మంలో వాడే అడ్డం నిలబడతాడు.

"తలెత్తు తాతా. ఆ అను."

తర్వాత టార్చి తాత చేతికి వెళుతుంది, వరస మొదలవుతుంది. బ్రహ్మాండంగా వెలిగే టార్చి అది. తాత మాత్రం స్విచ్చి నొక్కడు.