ఏప్రిల్ దొప్ప

ఉర్బినో వెనక కొండల్లో నక్షత్రాలు చూసి జోస్యం చెప్పడానికీ, ఏదీ తేలక బుర్ర బద్దలు కొట్టుకోవడానికీ ఒకటే మాట: స్ట్రోలొగారే. ఆర్జియా కాపురానికొచ్చిన నాటి నుంచీ రెండూ చేస్తూనే ఉంది. ఏటా జనవరిలో, పౌలు పండుగ ముందు సాయంత్రం, నెలకొకటి చొప్పున ఉల్లి దొప్పలు కిటికీ గట్టు మీద పేర్చి ఉప్పు వేసేది. తెల్లారేసరికి ఏ దొప్పలో ఉప్పు కరిగితే ఆ నెల వాన. ఊరి ఆడవాళ్లు ఆమె మాట మీదే పట్టుపురుగుల గుడ్లను గుడ్డసంచిలో కట్టి రొమ్ముల మధ్య పెట్టుకునేవారు. ఒంటి వేడి తగిలాక పొదగడం ఇక ఆగదు. పురుగులు బయటికొచ్చే వేళకు గడ్డమంచు పడి మల్బరీ చిగురు మాడిందా, అవన్నీ ఆకలికి చావాల్సిందే.

ఈసారి ఏప్రిల్ దొప్ప బాగా తడిసింది. మబ్బుంటే మంచు పడదు. ఆర్జియా ఏప్రిల్‌లో ఒక రోజు చెప్పి, ధైర్యంగా గుడ్లు కట్టుకోమంది. చెప్పిన రోజు పొద్దున్నే తన సంచీ మెడకు తగిలించుకుంది.

"అత్తా, తిట్టనంటే ఒక మాట," అంది కోడలు ఎర్సీలియా. "జనవరిలో పిల్లి దూకి దొప్పలన్నీ పడేసింది. నువ్వు లేవకముందే ఏరి పెట్టేశాను."

"ఏది ఏ నెలదో చూసుకునే పెట్టావా?"

"వాటి మీద పేర్లుంటాయా అత్తా?"

ఆర్జియా తలుపు తీసుకుని పొరుగింటి గెలిందా దగ్గరికి పరుగెత్తింది. వాకిట్లో ఆడవాళ్లంతా సంచులతో ఉన్నారు.

"ఆగండే! దొప్పలు తారుమారయ్యాయి. ఏప్రిల్ ఎలా ఉంటుందో నాకు తెలీదు."

గెలిందా ఆమె మెడలో తాడు చూసింది. "నీది కట్టేసుకుని మమ్మల్ని ఆగమంటావా? మేం ఆలస్యమైతే సంతలో లేతాకంతా నీ పురుగులకేనా?"

"పిల్లి పడేసిందే తల్లీ!"

"ఇన్నేళ్లూ లేని పిల్లి ఇవాళొచ్చిందా?" అందరూ నవ్వుతూనే సంచులు లోపలికి దోపుకున్నారు.

తర్వాతి రోజుల్లో మబ్బు జాడే లేదు. ఒక సాయంత్రం ఉత్తరపు గాలి ఆగిపోయి, ఆకాశం కడిగినట్టు తేటపడింది; రాత్రికి గడ్డమంచు ఖాయం. ఆర్జియా మల్బరీ చిగుళ్లు తడిమి చూసింది, ఎంత ఆలోచించినా దారి తోచలేదు. చివరికి కోడల్ని కేకేసింది.

"తడిగడ్డి తే. చెట్ల కింద పొగ పెడదాం, పొగ కమ్మితే చిగురు మీద మంచు పడదు."

"మన గడ్డి మన చెట్లకే చాలదు అత్తా."

ఆర్జియా వెళ్లి గెలిందా తలుపు కొట్టింది. "తిట్టాలనుంటే రేపు తిట్టు. ఇప్పుడు గడ్డి కావాలి. నీ చెట్లకీ, నా చెట్లకీ."

గెలిందా ఈసారి నవ్వలేదు. ఆకాశం వంక చూసి, రొమ్ము మీది సంచిని అరచేత్తో అదుముకుని, గడ్డి కోసం కొట్టం వైపు నడిచింది.