స్కానర్‌లోంచి అమ్మ కేక

నెత్తిమీంచి రోజూ విమానాలు పోయే కొత్వాల్‌గూడ మాది. అయినా నేను మొదటిసారి విమానం ఎక్కింది నిరుడే. నాకు ఆస్తమా. ఇన్‌హేలర్ మరిచిపోకుండా ఫోన్‌లో యాప్ పెట్టుకుని, అలారానికి అమ్మ గొంతు రికార్డు చేశాను. పీల్చినట్టు నొక్కేదాకా అది ఆగదు.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు తనిఖీలో ఫోన్‌నీ ఇన్‌హేలర్‌నీ ట్రేలో పెట్టి పంపానో లేదో, స్కానర్‌లోంచి అమ్మ అందుకుంది: "ఏందే లావణ్యా! ఇన్‌హేలర్ పీల్చినవా? మొద్దు లెక్క నిలబడ్డవేంది?"

లైనంతా ఒకటే నవ్వు. తనిఖీ చేసే ఆవిడ మాత్రం నవ్వు ఆపుకుంటూ ట్రే నా ముందు పెట్టి, "అమ్మ గంతగనం మొత్తుకుంటున్నది. జర పీల్చి పో బిడ్డా!" అంది. అందరి ముందే పీల్చాను.

అప్పటి నుంచి ఒక్కపూట కూడా మందు తప్పలేదు. ఆ రోజు గేటు దగ్గరి నుంచే ఫోన్ చేసి, పరువు పోయిందని అమ్మ మీద ఎగిరాను. అంతా విని అమ్మ మురిసిపోతూ అడిగింది: "అందరికి మంచిగ వినబడ్డదా?"