బాపు గొంతుకు తొమ్మిది వోల్టులు

నా చిన్నప్పుడు మా బాపును కళ్లతో చూసినదానికంటే క్యాసెట్‌లో విన్నదే ఎక్కువ. బాపు దుబాయ్‌లో ఉండేవాడు. రాయడం రాదు కనుక, మాటలన్నీ క్యాసెట్‌లో నింపి సెలవు మీద ఊరికొచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాడు. నాన్నను బాపు, అమ్మను అవ్వ అనేదాన్ని. లక్సెట్టిపేటలో ఇంట్లో అవ్వా నేనూ ఇద్దరమే. అవ్వ పొద్దంతా బీడీలు చుట్టేది, నాతో మాట్లాడే తీరిక ఉండేది కాదు. నాకు తోడంటే ఆ క్యాసెట్లు వినిపించే టేపురికార్డరే.

ఒక ఎండాకాలం కొత్త క్యాసెట్ వచ్చింది. సెల్లులు నీరసించాయని ఆరింటినీ గూనపెంకుల మీద ఎండబెట్టి, ఆత్రంగా మళ్లీ పెట్టాను. బాపు గొంతు మొద్దుగా, సాగదీసినట్టు వచ్చింది. ఒక్క మాటా అర్థం కాలేదు. అవ్వ చేతిలో కత్తెర ఆగిపోయింది.

"మీ బాపు పాణం మంచిగ లేదేమో బిడ్డా" అంది.

భయంతో ఏడుపొచ్చింది. టేపును చంకన పెట్టుకుని, రేడియోలు బాగుచేసే చాచా దుకాణానికి ఉరికాను.

చాచా మూత తీసి చూశాడు. సెల్లులను ఒక్కొక్కటే తీసి మీటరు పెట్టి, ఎలా ఉన్నవి అలాగే తిరిగి పెట్టాడు. ప్రతిదీ ఒకటిన్నర వోల్టుల దగ్గరే చూపించింది.

"ఆరు కలిస్తే ఎంతైతది? ముందుగాల నువ్వు చెప్పు, తర్వాత ముల్లు చెప్తది" అన్నాడు.

తొమ్మిది అన్నాను. చాచా ఆరింటికీ కలిపి మీటరు పెట్టాడు. ముల్లు ఆరు దగ్గరే ఆగింది. మీటరే ఖరాబైందన్నాను.

"ముల్లుకు నీ మీద ఏం పగ బిడ్డా? జర మంచిగ చూడు."

చూస్తే ఒక సెల్లు తిరగేసి ఉంది. పెట్టింది నేనే. అదొక్కటి పనిచేయకపోతే ఒకటిన్నరే తగ్గాలి కదా, మూడెలా తగ్గాయని అడిగాను.

"అది తనది ఇయ్యది. ఎదురు తిరిగి ఇంకోదాని బలం గూడ కొట్టేస్తది" అన్నాడు. నా చేతనే దాన్ని తిప్పించి, మళ్లీ లెక్క చెప్పమన్నాడు. ఈసారి ముల్లు తొమ్మిదికి పోయింది.

ఇంటికొచ్చి, మీట నొక్కేముందు నాలో నేనే ఒక లెక్క చెప్పుకున్నాను. ఈ ఏడాది వస్తానంటాడు బాపు. గొంతు తేటగా వచ్చింది. జబ్బేమీ లేదు.

"ఛుట్టీ ఇస్తలేరు బిడ్డా, గీ ఏడు గూడ రాలేను" అన్నాడు.

అవ్వ నిమ్మళపడి మళ్లీ బీడీ ఆకు అందుకుంది. నాకు మాత్రం ఆ మొద్దు గొంతే నయమనిపించింది. మూత తీసి చూడాలనిపించింది కానీ, సెల్లులన్నీ సరిగ్గానే ఉన్నాయని నాకు తెలుసు.

ఇప్పుడు నాకు అరవై దగ్గర పడ్డాయి. ఏ కబురు వినేముందైనా, ఏమొస్తుందనుకుంటున్నానో ముందే మనసులో అనుకుంటాను. అది రాకపోతే కబురు తెచ్చినవాళ్లను తిట్టను. అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య ఉన్న తేడా నా ఆశేనని, దాన్ని మోయాల్సింది నేనొక్కదాన్నేనని ఆ రోజే తెలిసింది.