గ్యాసు ఎటు పోతున్నదో వెతికిన పొద్దు

గద్వాలల మా ఇంట్ల రెండు మగ్గాలుంటుండె. ఒకటి నాది, ఒకటి మా ఆమెది. నేసిన చీరలను వనపర్తి, నాగర్‌కర్నూల్ దుకాణాలకు చేర్చేటందుకు రెండు వేల ఐదో ఆరో సంవత్సరంల ఒక పాత కారు కొన్నం. అద్దాలు దించితే ఎర్రమట్టి దుమ్మొచ్చి చీరల మీద పడేది. ఎక్కిస్తే ఎండకు లోపల ఉడికిపోయేటోళ్లం. అందుకే ఆ కారుల ఏసీ మాకు షోకు కాదు.

గ్యాసు నింపించినంక ఎనిమిది రోజులు సల్లగ ఊదేది. ఆ తర్వాత వేడి గాలే. రెండుసార్లు నింపించిన. నింపినాయన రెండుసార్లూ ఒకటే మాట చెప్పిండు. "పాత బండి కదన్నా, గ్యాసు తాగుతది." పెట్రోలు తాగినట్టే గ్యాసు కూడ తాగుతదేమో అని నమ్మిన.

మా ఆమె నమ్మలే. "పెట్రోలైతే పొగయి పోతది. మరి ఇది ఎటు పోతున్నది?" అని అడిగింది. ఆ మాట నా బుర్రల నుంచి పోలే. నేసుకుంట నేసుకుంట దాని గురించే ఆలోచిస్తుంటి.

ఒకసారి చీరలిచ్చేటందుకు ఇద్దరం వనపర్తి పోయినం. అక్కడి దుకాణదారు మమ్మల్ని ఒక ఏసీ మెకానిక్ దగ్గరికి పంపిండు. అరవై ఏండ్లు దాటిన మనిషి, తెల్లగడ్డం, అందరూ చాచా అంటరు. గ్యాసు ఎటు పోతదని ఆయననే అడిగిన.

"గ్యాసు తాగుడేంది బేటా," అన్నడు. "అది పైపులల్ల తిరుగుతనే ఉంటది. తక్కువైందంటే ఏడనో బయటపడ్డట్టే. నింపుడు ఎవరన్న నింపుతరు. ముందుగాల చిల్లు దొరకాలె."

బానెట్ లేపి, ఒక్క పానా కూడ పట్టకుండ చాలాసేపు చూసిండు. ఏం చూస్తున్నవని అడిగితే చెప్పిండు. గ్యాసుతోని లోపలి నూనె కూడ జర జర బయటికొస్తదట. నూనె ఉన్నకాడ దుమ్ము అంటుకుంటదట. ఒక అతుకు దగ్గర నల్లటి జిడ్డు దుమ్ము చూపించిండు. నేను ఆ బానెట్‌ను ఎన్నిసార్లు లేపిన్నో, అది ఏనాడూ నా కంట్ల పడలే.

మిగిలిన గ్యాసును ఒక సిలిండర్ లోపలికి గుంజుకొని, పైపులల్ల నైట్రోజన్ ఎక్కించిండు. కుంచెతోని ఆ అతుకుకు సబ్బు నురుగు పూసిండు. సన్నసన్న బుడగలు లేచినయి. లోపలి రబ్బరు రింగు ఎండి గట్టిపడ్డదట. కొత్తది వేసి, మళ్ల నైట్రోజన్ ఎక్కించి, లోపలి ఒత్తిడి చూపే గేజీ తగిలించి, చాయ్ తాగి రమ్మన్నడు.

మేమొచ్చేసరికి గేజీల ముల్లు కిందికి జారి ఉంది.

"ఇంకోటుంది," అన్నడు చాచా. పరేషాన్ కావాల్సింది పోయి, నాకు లోపల ఎందుకో సంబురమే అయింది. అన్ని అతుకులకు నురుగు పూసినం. ఏడా బుడగ లేదు.

అప్పటిదాక స్టూలు మీద కూసున్న మా ఆమె మెల్లగ అంది. "చాచా, కారుల నేను కూసుండేకాడ కాళ్ల కింద తడి అయితది. ఏసీ నీళ్లే అనుకున్న. కానీ చీర కుచ్చిళ్లకు మరకలు పడుతున్నయి. ఉతికినా పోతలేవు."

"ఏం రంగు బిడ్డా?"

"రంగు లేదు. వంటనూనె అయితే వాసనొస్తది, ఇది వస్తలేదు. మీద దుమ్ము మాత్రం అంటుకుంటది."

చాచా కారులకు వంగి, కాళ్ల కింది పట్టాను ఏళ్లతోని రుద్ది చూసిండు. "పొద్దుగాల సంది నేను ఇంజన్ల వెతుకుతున్న," అన్నడు. "నువ్వు దాని మీదనే కాళ్లు పెట్టుకొని కూసున్నవు."

ఆ మరకల గురించి ఆమె నాకు రెండు నెలల సంది చెప్తనే ఉండె. నేనే ఇనలే. నేను ఇనలేదన్న ముచ్చట ఆమె చాచా ముందర ఎత్తలే. అందుకు నాకు ఇంకింత సిగ్గయింది.

ఏసీ నీళ్లు కారేటందుకు కారు కింద చిన్న రబ్బరు గొట్టం ఉంటది. చాచా దాని మూతికి నురుగు పూసిండు. ముగ్గురం నేల మీద వంగి చూసినం. కొంచెంసేపు ఏం కాలే. తర్వాత నురుగు మెల్లగ ఉబ్బి, నిమ్మకాయంత అయి పగిలింది. మళ్ల పూస్తే మళ్ల ఉబ్బింది.

"లోపల గాలిని సల్లబరిచే కాయిల్‌కే చిల్లు పడ్డది," అన్నడు.

డ్యాష్‌బోర్డు విప్పి కాయిల్ బయటికి తీసిండు. దాని రేకుల నడుమ తడి గుడ్డ లెక్క ఏందో మందంగ కూరుకొని ఉంది. మా ఆమె దాన్ని అరచేతిలకు తీసుకొని, చిక్కు విప్పినట్టు ఏళ్లతోని విడదీసింది. నూలు, పట్టు నూగు. వంగపండు రంగు, చిలకాకుపచ్చ, నడుమల ఒక జరీ తునక. అన్నీ మా ఇంటివే. కారుల వేసిన నూలు కట్టల నుంచి, చీరల నుంచి ఊడిన నూగును ఏసీ గుంజుకుంట వచ్చింది. అది దుమ్ముతోని కలిసి, ఎప్పుడూ తడిగ ఉండి, కాయిల్‌ను కొరికింది. చాచా కూడ ఆ జరీ తునకను ఎండకు పట్టి చూసిండు. "ఇంజన్ల ఎలుకలు చూసిన, కోడి ఈకలు చూసిన, ఇది మాత్రం కొత్త," అన్నడు.

కొత్త కాయిల్ హైదరాబాద్ నుంచి బస్సుల రావాలె. మేము కారును ఆయన దగ్గరనే వదిలి గద్వాల పోయినం. మూడు రోజులకు మళ్ల పోతే, కాయిల్ ఉండే డబ్బాను చాచా కడిగి ఎండబెట్టి ఉంచిండు. మా ముందరనే పైపులల్ల కడిగే మందు పోసి గాలి కొట్టిండు, అవతలి దిక్కు పట్టిన బట్టకు నల్ల మరక అంటుడు ఆగేదాక. కాయిల్ బిగించి, లోపలి గాలంతా మిషన్‌తోని గుంజి, ముల్లును చూసుకుంట కూసున్నడు. మేమూ కూసున్నం. గంటసేపు ముల్లు కదలలే. అప్పుడు గ్యాసు నింపిండు.

ఆ ఎండకాలమంతా ఏసీ సల్లగనే ఊదింది. నూలు కట్టలను బట్టల మూటగట్టి డిక్కీల పెట్టుడు మొదలుపెట్టినం. నాకు మాత్రం ఒక అలవాటు పట్టుకుంది. చుట్టాల ఇంట్ల ఫ్రిజ్ సల్లగైతలేదంటే చాలు, దాని వెనక కూసొని జిడ్డు దుమ్ము ఏడుందా అని చూస్తుంటి. రెండిండ్లల్ల దొరికింది. మూడో ఇంట్ల మస్తు సేపు వెతికిన. అక్కడ ప్లగ్గే సరిగ పెట్టలేదు.