చిలక చోట కూర్చుని చూస్తే

"రేపు పొద్దుగాల్నే దీన్ని తీస్కపోయి అడవిల ఇడిసిపెట్టొస్త. ఇగ నువ్వేం మాట్లాడకమ్మా" అన్నాడు నా కొడుకు రమేశు.

"రెక్క ఇరిగిన చిలకను అడవిల ఇడుసుడంటే పిల్లి ముందట పెట్టుడే. నీకు సాకుడు చేతగాకపోతే పక్కకు జరుగు" అన్నాను.

"అట్ల కాదత్తమ్మా, దాని ఈకలు అదే పీక్కుంటున్నది. ఇంటికి మంచిది కాదంటున్నరు అందరు" అని కోడలు లత వంటింట్లోంచి అందుకుంది.

"అందరంటే ఎవరు? ఆ అందరు దానికి ఏనాడన్న ఇన్ని గింజలేసిన్రా?"

మేము ఇట్లా అరుచుకుంటుండగానే వరండాలో ఎత్తుగా వేలాడే పంజరంలోంచి చిన్నగా టక్కుమని చప్పుడైంది. చిలక రొమ్ము మీది ఈక ఒకటి పీకి, ముక్కున పట్టుకుని కాసేపు కదలకుండా ఉండి, కింద పడేసి, మళ్లీ అక్కడికే మెడ వంచింది. ఎర్రటి చర్మం కనబడుతున్నది. నొప్పి పుట్టదా దానికి? ఇట్లా తనను తాను పీక్కునే ప్రాణిని నేను ఇంతకుముందు ఒకసారి చూశాను. అది పక్షి కాదు, ఆడపిల్ల. చర్ల ఊరి అవతల, అడవి అంచున ఆడపిల్లల హాస్టల్లో నేను వంట చేసేదాన్ని. అక్కడి వార్డెన్ గ్రేసమ్మ మేడం గురించి ఇప్పుడు చెప్పాలి. కోపం ఎవరి మీద పడాలో నాకు నేర్పింది ఆవిడే.

ఆవిడ ఖమ్మం నుంచి వచ్చిన క్రైస్తవురాలు. బక్కపలచటి మనిషి. గొంతు మాత్రం హాస్టలంతా వినబడేది. పనిలో చేరిన రోజు "ఎంతదాక చదివినవ్?" అని అడిగింది. రెండో తరగతి అన్నాను. "చాలు. పప్పుల నీళ్లెక్కువ పోస్తే ముందుగాల పిల్లలకు తెలుస్తది, తర్వాత నాకు తెలుస్తది. నేను ఊకునేదాన్ని కాదు, ముందే చెప్తున్న" అన్నది. నేనూ ఊరుకునేదాన్ని కాదు. అందుకే మా ఇద్దరికీ కుదిరింది. ఉల్లిగడ్డ పొట్టు కూడా పారేయనిచ్చేది కాదు, పాదులకు వేయించేది. నన్ను పిసినారి అనే మా ఇంటివాళ్లు ఆవిడ్ని చూడలేదు.

ఆ ఏడాది జోగమ్మ అనే పిల్ల వచ్చింది. అడవి లోపలి ఊరు. తెలుగు అంతంతమాత్రం. వచ్చిన కొన్నాళ్లకు నడినెత్తిన జుట్టు పీక్కోవడం మొదలుపెట్టింది. ఒక్కొక్క వెంట్రుక పీకి, వేళ్ల మధ్య చూసుకుని, మళ్లీ చెయ్యి పైకి. నెత్తి మీద అరచేయంత మేర నున్నగా అయింది. పిల్లల్ని చూసుకునే ఆయా గాలి సోకిందన్నది. నేను వేపనూనె రాశాను. తనిఖీకి జీపులో వచ్చిన పెద్దసారు గుమ్మంలోనే నిలబడి చూసి, "పాడు అలవాటు. గుండు గీయించండి" అన్నాడు.

"గుండు గీస్తే కనుబొమ్మలు పీక్కుంటది. అప్పుడేం గీయమంటరు సార్?" అన్నది మేడం.

ఆయన నవ్వి జీపెక్కాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు ఒళ్లు మండుతుంది.

జీపు వెళ్లిన తర్వాత మేడం పిల్లలు పడుకునే గదిలోకి పోయి, జోగమ్మ చాప పరిచి, దాని మీద వెల్లకిలా పడుకుంది. నేను కంగారుపడి, "ఏంది మేడం, పానం బాగలేదా?" అన్నాను.

"బాగనే ఉంది. నువ్వు గూడ వచ్చి పండు."

పడుకున్నాను. నిలబడితే ఆ మూల కిటికీకి అడ్డంగా పేర్చిన పిల్లల పెట్టెలు తప్ప ఏమీ కనబడదు. పడుకుంటే మాత్రం పెట్టెల సందులోంచి, తలుపు ఊడిపోయిన కిటికీలోంచి, ప్రహరీగోడ కనబడింది. గోడ మీద ఒకడు కాళ్లు ఇటు వేసుకుని కూర్చున్నాడు. బీడీ తాగుతూ మా గదిలోకే చూస్తున్నాడు. బయట రోడ్డు పనికి వచ్చినవాళ్లకు అదే కూర్చునే చోటయిందని అప్పుడు తెలిసింది. ఆ పిల్ల కళ్లు తెరిస్తే వాడు, కళ్లు మూసుకున్నా వాడే. ఎందుకు పీక్కుంటున్నవని అందరం గద్దించాం. ఏం చూస్తున్నవని ఒక్కరూ అడగలేదు.

మేడం లేచి వెళ్లి వాడిని తిట్టిన తిట్లు నేను నోటితో చెప్పను. కిటికీకి తలుపు కావాలని ఆఫీసుకు రాస్తే, ఇదిగో అదిగో అన్నారు. ఆవిడ వడ్రంగిని పిలిపించి, తన గది తలుపు ఊడదీయించి, ఆ కిటికీకి కొట్టించింది.

"మరి మీ గదికో మేడం?" అన్నాను.

"పాత చీర కట్టుకుంటలే. ముసలిదాన్ని, నన్నెవడు చూస్తడే?"

ఆ వానాకాలమంతా ఆవిడ గదికి చీరే తలుపు. జోగమ్మ నెత్తిన మాత్రం మెల్లగా నూగు జుట్టు మొలిచింది. మేడం పోయి చాలా ఏళ్లయింది. మా ఇంట్లో ఆవిడ ఫొటో కూడా లేదు.

మా చిలక గాలివానకు చేనులో పడి దొరికింది. ఎగరలేదు, కానీ నిన్నమొన్నటి దాకా హాయిగా తిని, మా అందరినీ వెక్కిరిస్తూ ఉండేది. పశువుల దవాఖానాకు తీసుకుపోతే, డాక్టరు బాగా చూసి, పురుగు లేదు, పుండు లేదు, ఇంట్లో కొత్తగా ఏమైనా మారిందా అని అడిగాడట. "ఏం మారలే సార్" అని చెప్పి వచ్చాడు మావాడు. అడిగిన మనిషికి ఆలోచించి జవాబు చెప్పడానికి కూడా వీళ్లకు తీరిక లేదు.

ఇంత జరిగాక ఇప్పుడు అడవిలో వదిలేస్తారట! నేను స్టూలు లాగి పంజరం పక్కన వేసి ఎక్కాను.

"అమ్మా, పడ్తవే! ఏం జేస్తున్నవ్?" అని రమేశు పరుగెత్తుకొచ్చాడు.

"స్టూలు పట్టుకో, ఆడాల్సింది నోరు కాదు, చేతులు" అని, తల పంజరానికి ఆనించి చిలక చూసే వైపు చూశాను. ఎదురుగా, జానెడు దూరంలో ఉన్నట్టే, గుమ్మం పైన దిష్టిబొమ్మ. నల్లటి మొహం, బయటికి వేలాడే ఎర్ర నాలుక, తెల్ల సున్నాల్లాంటి కళ్లు. ఈమధ్య ఇంటికి రంగులు వేయించినప్పుడు లత కట్టింది. చిలక ఈకలు రాల్చడం మొదలుపెట్టాక, దిష్టి గట్టిగా తగిలిందని దాని పక్కనే ఇంకా పెద్దది కట్టింది. రెండూ గాలికి ఊగుతున్నాయి. మేమంతా వాటి కిందనుంచి తిరుగుతాం, తలెత్తి చూడం. పక్షి తల దించుకుని ఎక్కడికి పోతుంది?

"రమేశూ, మొక్కజొన్న చేన్ల బొమ్మ ఎందుకు గడ్తవ్?"

"పిట్టలు బెదిరి పోవాలని."

"చేన్ల పిట్టకు రెక్కలుంటయి, పోతది. ఇది ఎటు పోవాలె?"

వాడు తలెత్తి బొమ్మల వైపు చూశాడు. నేను చెయ్యి చాచి రెండింటినీ పీకేశాను. లత లబోదిబోమన్నది. "కొత్త రంగులేసిన ఇల్లత్తమ్మా! దిష్టి తగుల్తది!"

"గుమ్మంల నేను కూసుంట. నన్ను జూస్తే ఏ దిష్టీ లోపలికి రాదు."

రమేశు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. నాకు నవ్వు రాలేదు. గ్రేసమ్మ మేడం ఉంటే ఆమెకూ వచ్చేది కాదు. బాధతో పీక్కునేదాన్ని తప్పుపట్టడం అందరికీ సులువు. దాని చోటికి పోయి కూర్చోమంటేనే మోకాళ్లు నొస్తాయి. నాకు నిజంగానే నొస్తాయి, అయినా ఎక్కాను.

మరునాడు పొద్దున రమేశు ఆ రెండు బొమ్మలనూ బండి మీద తీసుకుపోయి మొక్కజొన్న చేనులో కట్టి వచ్చాడు. చిలక జామముక్క తిన్నది. మధ్యలో ఒక ఈక పీకింది కూడా. లత నాతో మాట్లాడలేదు. పంజరంలో నీళ్లు మాత్రం మార్చింది.